లప్పంలో ఉంగరం ముద్ర

"శనివారం పేపర్లో వచ్చేస్తుందిరా ఎవారిస్త్, మా అమ్మ మీద ఒట్టు" అని 'దివిటీ' పత్రిక యజమాని బాజిల్ రూమార్ నాకు మాట ఇచ్చాడు. అప్పుడతను నిమ్మకాయ పిండుకుని ఆల్చిప్పలు తింటున్నాడు. చక్రవర్తి ఇంకా గద్దె మీద ఉన్న రోజులవి. శనివారం వచ్చింది, నేను రాసింది రాలేదు. వాళ్ళమ్మకు మాత్రం ఏమీ కాలేదు. ఆవిడ పండు ముసలి అయ్యేదాకా దిట్టంగా బతికింది. పోయినవాడు అంబ్రువాజ్ పెర్నే, వీధుల్లో తిరిగి కిటికీ అద్దాలు బిగించే మనిషి. చేయని హత్యకు శిక్షపడి, ఓడెక్కి, ప్రపంచానికి అవతలి అంచున ఉన్న న్యూ కాలెడోనియా ఖైదీల దీవికి వెళ్ళి, అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. అతని పేరు మీద పడిన మచ్చ ఇంకా అలాగే ఉంది. దాన్ని చెరిపించడానికే ఈ కాగితం రాస్తున్నాను. నా సామాను ఎవరికి చెందాలన్నది దాని వెనక వచ్చే సంగతి.

నేను, ఎవారిస్త్ కూద్రే, పారిస్ నగరంలో, సేన్ నది నడుమ సేంట్ లూయీ దీవిలో, నీళ్ళవైపు ఇంటి మూడో అంతస్తులో ఉంటున్నవాణ్ణి, వృత్తి నవలలు రాయడం, డెబ్బై దాటిన వయసు, మతి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులారా ఈ వీలునామా రాస్తున్నాను. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్ళు నా మేనల్లుడు ఇసిదోర్‌ని అడగవచ్చు. అది చెదిరిందేమోనని అతను తరచూ వచ్చి చూసి, నిరాశపడి వెళుతుంటాడు. మధ్యాహ్నాలు డాక్టరు ఇచ్చిన నల్లమందు చుక్కలు వేసుకున్నాక గదిలోకి పాతవాళ్ళు వచ్చి కూర్చుంటారు, నిజమే. వచ్చినవాళ్ళు మర్యాదగా కూర్చుంటారు, ఏమీ అడగరు, నది మీది వెలుతురు పైకప్పు మీద ఆడుతున్నంతసేపూ ఉండి వెళ్ళిపోతారు. బతికున్న చుట్టాల కంటే వాళ్ళే నయం. దీన్ని మతిభ్రమణం అనడానికి వీల్లేదు.

సొంత దస్తూరీతో రాసిన వీలునామాకు మా చట్టంలో సాక్షులు అక్కరలేదు. కాని దొంగ వీలునామాలతో నా నవలల్లో ఎంతమంది వారసులను వీధిన పడేశానో నాకు తెలుసు గనుక ఇద్దరిని పిలిపిస్తున్నాను.

ఒకటి. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. నా భార్య యూలలీ బతికుండగా రాసినది, ఆమె పోయిన ఏడాది కోపంలో రాసినది, కిందటి శీతాకాలం ఇసిదోర్ పక్కన కూర్చుని రాయించాలని చూసినది, ఏదీ చెల్లదు.

రెండు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఇల్లు చూసుకునే పెర్పెతూ గ్వెనెక్‌కు అప్పగిస్తున్నాను. బ్రెతాన్ నుంచి వచ్చిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఎవరికీ భయపడదు. నోటరీ లావెన్యాక్ గారు ఇది విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వంటమనిషికా?" అన్నారు. పెర్పెతూ తలుపు దగ్గరే ఉంది. "నేను వండింది రెండుసార్లు పెట్టించుకు తిన్నారు కదండీ నోటరీ గారూ, అప్పుడు లేని అనుమానం ఇప్పుడెందుకు?" అంది. ఆ ఒక్క మాటతో ఆమె అర్హత రుజువైందని నేను భావిస్తున్నాను. ఆమెకు యూలలీ కళ్ళజోడు, కాఫీ గింజల తిరగలి, వంటింటి గోడ గడియారం, నేను పోయేనాటికి మిగిలిన కట్టెలన్నీ, ఈ ఇంట్లో బతికున్నంతకాలం ఉండే హక్కూ ఇస్తున్నాను. కళ్ళజోడు ఎందుకంటే, పెర్పెతూకు చూపు మందగించింది. పత్రికలో నా కథలు చూసి, పెదాలు కదుపుతూ తనంతట తాను చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఆ కళ్ళు పాడవడంలో నా పాత్ర కొంత ఉంది. యూలలీ కూడా ఆ కళ్ళజోడుతోనే నా కాగితాలు ప్రెస్సుకు వెళ్ళకముందు చదివేది. చదివి ఎప్పుడూ ఒకటే అడిగేది: "ఇతన్ని వదిలేస్తారు కదా?" అనుమానితుడు ఎవరైనా సరే, దొంగైనా సరే, వదిలేయమనేది. నేను వినేవాణ్ణి కాదు. ఇప్పుడు మధ్యాహ్నాలు వచ్చి కూర్చున్నప్పుడు కూడా అదే అడుగుతున్నట్టు ముఖం పెడుతుంది.

మూడు. నా మేనల్లుడు ఇసిదోర్‌కు నా మంచం. నేను దాని మీద చావడం కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశాడు గనుక, దాని మీద పడుకునే హక్కు అతనికే ఉంది. పరుపు వేరే ఎవరికైనా ఇవ్వండి.

నాలుగు. నా పడకగదిలో గోడకు ఆనించి ఉన్న కిటికీ, చట్రంతో, రెక్కలతో, అద్దాలతో సహా, జెలీ పెర్నేకు చెందుతుంది. ఆమె అంబ్రువాజ్ పెర్నే ఏకైక కూతురు, బెల్‌విల్ గుట్ట మీద బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేస్తోంది. ఈ వీలునామాలో నేను ఇచ్చేవాటన్నిటిలోకీ విలువైనది ఇదే కాబట్టి, ఇదేమిటో వివరంగా రాస్తున్నాను.

మారే పేటలో ఒక లోగిలి ఇంటి కింది భాగంలో మదామ్ బెల్లికార్ అనే వితంతువు ఉండేది. లేసు అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకుంది. ఒకరోజు పెరటి కిటికీకి అద్దం పగిలితే పెర్నేను పిలిచింది. అతను సవోయ్ కొండల నుంచి దిగి వచ్చినవాడు. చెక్క చట్రానికి గాజు పలకలు కట్టుకుని వీపు మీద మోస్తూ, "అద్దాలోయ్" అని సాగదీసి అరుస్తూ తిరిగేవాడు. అతను నడుస్తుంటే వీపు మీద ఆకాశం నడిచేది. మబ్బులు, పొగగొట్టాలు, పిట్టగోడల మీది పిల్లులు, అన్నీ అతని వెనక తలకిందులుగా ఊగుతూ పోయేవి. నేను అతన్ని బతికుండగా చూసింది ఒక్కసారే, అది ఇలాగే, వెనకనుంచి.

పెర్నే కొత్త అద్దం పెట్టి, చుట్టూ లప్పం పూసి, వేలితో నునుపు చేసి, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున వితంతువు చచ్చిపడి ఉంది, లేసు పెట్టె ఖాళీగా ఉంది. పోలీసులు చెప్పింది ఇది: పెర్నే చీకటి పడ్డాక తిరిగి వచ్చాడు, పచ్చి లప్పం గీకి అద్దం తీశాడు, లోపలికి చెయ్యి పెట్టి గడియ తీశాడు, పని ముగించుకుని మళ్ళీ అద్దం పెట్టి లప్పం పూసి పోయాడు. అద్దాలవాడికి తప్ప ఇంకెవరికి సాధ్యం అన్నారు. అందరికీ నచ్చింది. కథగా చూస్తే బాగానే ఉంది, నేను కూడా ఒప్పుకుంటాను.

ఆ రోజుల్లో నాకు శవాగారంలోను, పోలీసు ఠాణాలోను తెలిసినవాళ్ళు ఉండేవాళ్ళు. నా కథలకు మేత అక్కడే దొరికేది. వితంతువు చేతిని నేను చూశాను. ఆమె వేలికి పువ్వు చెక్కిన లావుపాటి ఉంగరం ఉంది, ఆ చెక్కడపు సందుల్లో తెల్లటి లప్పం ఇరుక్కుని ఉంది. తర్వాత గది చూశాను. కొత్త అద్దం అడుగు మూలలో, లప్పం మీద, అదే పువ్వు అచ్చు పడి ఉంది. ఆమె ఉత్తరాలకు లక్క ముద్ర వేసుకునే మనిషి. పచ్చిగా, మెత్తగా ఏది కనిపించినా ఆ ఉంగరం నొక్కకుండా ఉండలేకపోయేదట. పెర్నే వెళ్ళాక సరదాపడి నొక్కి ఉంటుందని అప్పుడు అనుకున్నాను. ఎప్పుడు నొక్కినా, నొక్కినప్పుడు ఆమె బతికే ఉంది. ఆమె చనిపోయాక ఎవరైనా అద్దం తీసి మళ్ళీ పెట్టి ఉంటే ఆ పువ్వు అక్కడ ఉండదు. అంటే ఆ కిటికీ గుండా ఎవరూ రాలేదు. వచ్చినవాడు తలుపు తీసుకుని వచ్చాడు, వాడి దగ్గర తాళంచెవి ఉంది. అది ఉన్నది ఒక్కడికే. ఆమె పెంచిన మేనల్లుడికి. వాడు ఆ తర్వాత జర్మన్లతో వచ్చిన యుద్ధంలో, పతకం తగిలించుకుని మరీ చచ్చాడు.

దర్యాప్తు చేస్తున్న న్యాయాధికారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన నా కథలు చదివేవాడే. "మీ ముసలి మాలిఫార్‌కి చెప్పండి, ఈ ఊళ్ళో జీతం తీసుకునే పోలీసులు కూడా ఉన్నారని" అని నవ్వాడు. మాలిఫార్ అంటే నా కథల్లో నేరాలు పట్టుకునే ముసలాయన. మనుషులు ముట్టుకున్న వస్తువులను చూసి మనుషులను చదువుతాడు. పెర్నేకు కోర్టు వాళ్ళు పెట్టిన కుర్ర వకీలు దగ్గరికి కూడా వెళ్ళాను. "నవలలు రాసేవాణ్ణి సాక్షిగా పిలిస్తే జ్యూరీ నవ్వుతుంది సార్, నా కేసు పోతుంది" అన్నాడు. అతని కేసు ఎలాగూ పోయింది.

పోలీసులు హత్య బయటపడిన పొద్దునే కిటికీ రెక్కల మధ్య లక్క ముద్ర వేశారు. శిక్ష పడ్డాక ఆ గది ఎవరూ అద్దెకు తీసుకోలేదు, ఆ కిటికీ ఎవరూ తెరవలేదు. కొత్త రోడ్డు కోసం ఆ ఇల్లు కూల్చేటప్పుడు పనివాళ్ళను బతిమాలి, ఠాణా అధికారి చేత చట్రం వెనక సంతకం చేయించి, దుప్పట్లు చుట్టి బండి మీద తెచ్చుకున్నాను. లక్క ముద్ర ఇవాళ్టికీ పగలలేదు. లప్పం రాయిలా గట్టిపడింది, పువ్వు చెక్కుచెదరలేదు.

ఆ కిటికీ అవతల నా గోడ తప్ప ఏమీ లేదు. అయినా ఎండ వాలే వేళకు అందులోంచి పెరడు కనిపిస్తుంది. నీళ్ళతొట్టి, తడిసిన రాళ్ళు, తీగకు ఆరేసిన లేసు. ఒక లావుపాటి ఆడమనిషి వచ్చి వంగి, చిన్నపిల్లలా అటూ ఇటూ చూసి, ఉంగరం నొక్కుతుంది. అవతలి వైపు ఆకాశం మోసుకుంటూ ఒకడు వెళ్ళిపోతుంటాడు. అతన్ని పిలవాలని నోరు తెరుస్తాను. నాకు అతని పేరు గుర్తొచ్చేసరికి అది మళ్ళీ గోడ అయిపోతుంది.

ఐదు. 'దివిటీ' పత్రిక ఇప్పటి యజమాని, బాజిల్ రూమార్ కొడుకు, ఫెర్దినాన్‌కు నా బల్ల మీది పెద్ద కత్తెర. అది అతని తండ్రిది. అడిగి తెచ్చుకోలేదు, పెర్నేకు శిక్ష పడ్డాక ఒకరోజు అతని బల్ల మీదనుంచి తీసుకుని వచ్చేశాను. దాని చరిత్ర ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పి ఉండరు.

మా కాలంలో పత్రిక మొదటి పేజీ అడుగున అడ్డగీత ఒకటి ఉండేది. పైన రాజకీయాలు, గీత కింద మేము. దాన్ని కింది వాటా అనేవాళ్ళం. పైవాటాలో ఎవరు ఉంటున్నారో జనానికి పట్టేది కాదు, కింది వాటాలో దీపం వెలుగుతోందా లేదా అని చూసుకునేవాళ్ళు. పొద్దున రాసింది సాయంత్రానికి అచ్చులో, మర్నాటికి ప్రతి కాపలావాడి గదిలో, ప్రతి చాకలి రేవులో, ప్రతి గుర్రబ్బండి మీద. రేపు ఏం జరుగుతుందో రాసేవాడికి కూడా తెలియదు. జనం నన్ను వీధిలో ఆపి, "ఆ పిల్లని చంపకండి సార్, మా అత్తకి గుండె జబ్బు" అనేవాళ్ళు.

ఆ జనంలోంచే జ్యూరీకి పన్నెండుమందిని తీస్తారు. అందుకని పెర్నే కథ రాయడం మొదలుపెట్టాను. పేర్లు మార్చాను, పేట మార్చాను, అద్దాలవాణ్ణి మాత్రం మార్చలేదు. ఊరంతా గుర్తుపట్టింది. న్యాయాధికారి వినకపోతే ఊరు వింటుంది, ఊరు వింటే జ్యూరీ వింటుంది అనుకున్నాను. విచారణ తేదీ తెలియగానే లెక్క కట్టి, మాలిఫార్ ఉంగరం గుర్తు కనిపెట్టే భాగం తీర్పుకు ముందు శనివారం పడేలా రాసి, రూమార్ చేతికి ఇచ్చాను. అతను చదివి కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అప్పుడే ఒట్టు పెట్టాడు.

రూమార్‌కు ఒక అలవాటు. కథ బాగా అమ్ముడవుతుంటే, ఒక రోజు భాగాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి రెండు రోజులు వేసేవాడు. మిగిలిన చోటు టోపీల ప్రకటనలతో నింపేవాడు. అందరు యజమానులూ చేసేవాళ్ళు, మేమూ నవ్వుకునేవాళ్ళం, ఎక్కువ రోజులు నడిస్తే మాకూ మంచిదే. ఆ వారం పత్రిక ఎన్నడూ లేనంతగా పోయింది. అతను కత్తెర తీశాడు. శనివారం నాడు మాలిఫార్ కిటికీ దాకా రాలేదు, వీధిలోనే ఆగిపోయాడు. తీర్పు రోజున పెరట్లో అడుగుపెట్టి, కిటికీ వైపు నడుస్తూ ఉండగా ఆగిపోయాడు. కింద 'ఇంకా ఉంది' అని పడింది. ఆ సాయంత్రం పెర్నేకు యావజ్జీవ కఠిన శిక్ష వేశారు. మర్నాడు మాలిఫార్ వంగి, లప్పంలో పువ్వును చూశాడు.

ఊరు ఊగిపోయింది. అంగళ్ళలో లప్పం ముద్దల మీద పువ్వు అచ్చువేసి అమ్మారు. నాటకశాల వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. నేను రూమార్ గదిలోకి వెళ్ళి ఆ మనిషి సంగతి అడిగాను. "ఏ మనిషి?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "అరె, అది నిజం కేసా? నేను కథ అనుకున్నాన్రా" అన్నాడు. అబద్ధమో నిజమో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను. ఎందరో అబద్ధాలకోరులను సృష్టించినవాణ్ణి, ఒక అంగడి మనిషి ముఖం చదవలేకపోయాను.

ఫెర్దినాన్, కత్తెర పదునుగానే ఉంది. జాగ్రత్తగా వాడుకో.

ఆరు. 'పెరటి కిటికీ' అనే నా నవల మీద, దాని నాటకం మీద, అనువాదాల మీద ఉన్న సర్వ హక్కులూ జెలీ పెర్నేవే. ఆమె దాన్ని అచ్చు వేయించుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మళ్ళీ ఎవరూ అచ్చు వేయకుండా పాతిపెట్టనూ వచ్చు. నా మిగతా నవలలన్నీ కలిపినా అంత పేరు రాలేదు. విమర్శకుడొకడు దాన్ని 'న్యాయం కోసం వెలిగిన దీపం' అన్నాడు. అతనికి ఏమీ ఇవ్వడం లేదు.

జెలీకి ఆ పుస్తకం అంటే ఏమిటో చెప్పాలి. పెద్దదయ్యాక ఆమెను వెతుక్కుంటూ ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. వేడి ఇస్త్రీపెట్టెను చెంపకు దగ్గరగా పట్టుకుని సెగ చూస్తోంది. నేను ఎవరో చెప్పినా పెట్టె దించలేదు. "మీ కథ చదివి జనం ఏడ్చారంట కదా. మా నాన్న ఏడవలేదు లెండి, ఆయనకి చదువు రాదు" అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. "పక్కకి జరగండి తాతగారూ, ఆవిరి తగులుద్ది" అని మళ్ళీ పనిలో పడింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆవిరే తగిలింది.

ఏడు. ఈ ఏడాది జూన్‌లో కొత్త చట్టం వచ్చింది. ఇంతకుముందు చచ్చిపోయిన ఖైదీ కేసు తిరగదోడాలంటే, అదే నేరానికి ఇంకొకడికి శిక్ష పడి ఉండాలి. అసలువాడు యుద్ధంలో పోయాడు గనుక ఇన్నేళ్ళూ దారి లేదు. ఇప్పుడు కొత్త ఆధారం ఒక్కటి చూపితే చాలు, పోయినవాడి పిల్లలు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ రాయించి ఉంచాను. జెలీ సంతకం ఒక్కటే కావాలి. ఆమె బదులు నేను పెట్టలేను, నేను పెర్నేకు ఏమీ కాను. ఆమె కాదంటే ఈ భూమి మీద అడగగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. అతను హంతకుడిగానే ఉండిపోతాడు.

పెర్పెతూ నాకు చెప్పకుండా బెల్‌విల్ వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చింది. ఏం చెప్పి తెచ్చిందని అడిగితే, "మా అయ్యగారు చచ్చిపోతున్నారు, వచ్చి నాలుగు తిట్టిపో అన్నాను" అంది. జెలీ తిట్టలేదు. నా వైపు చూడనేలేదు. కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అద్దం చుట్టూ లప్పం మీద వేలు జరుపుకుంటూ వచ్చింది. పూసినప్పటి వేలి చార ఇంకా ఉంది. అది వాళ్ళ నాన్న వేలు. ఆమె వేలు ఆ చారలో పడి, దాని వెంటే నడిచి, మూల దగ్గర పువ్వును చేరి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. నది మీది వెలుతురు గదిలోకి వచ్చి, అద్దంలో నిండి, ఆమె ముఖం మీద ఊగింది. నల్లమందు చుక్కలు నేను అప్పటికి వేసుకోలేదు. అయినా ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నామని ప్రమాణం చేయలేను.

తర్వాత ఆమె కొంగులాంటి తన పనిగుడ్డ అంచు తీసి, నోటితో ఆవిరి ఊది, ఆ అద్దం తుడిచింది. "దీన్ని ఎవరూ తుడవరా?" అంది. నాకు భయం వేసింది, ఆధారం మీద చెయ్యి పడకూడదని తుడవనివ్వలేదని చెప్పాను. "అద్దం అద్దమే కదా" అంది. అర్జీ చూపించాను. మడిచి రవికలో పెట్టుకుంది. "ఆలోచిస్తాను. మా నాన్న పేరు నా నోట రావాలంటే ముందు మీ కథలోంచి బయటికి రావాలి" అని మెట్లు దిగింది.

కనుక ఇలా ఆదేశిస్తున్నాను. జెలీ సంతకం పెడితే, నా ఆస్తిలో మిగిలినదంతా మొదట ఆ అర్జీ ఖర్చులకు, తర్వాత ఆమెకు. పెట్టకపోయినా ఆమెకే, ఏ షరతూ లేదు. కిటికీని ఎవరూ తెరవకూడదు, లక్క ముద్ర తీయకూడదు. అద్దం మాత్రం ఆమె ఇష్టం వచ్చినప్పుడు తుడుచుకోవచ్చు. అర్జీలో ఎక్కడా నా పేరు గాని, నవల పేరు గాని, మాలిఫార్ పేరు గాని ఉండకూడదు. ఎవరైనా పత్రికలవాడు వచ్చి కథలోని కిటికీ ఇదేనా అని అడిగితే, ఇది పెర్నే బిగించిన కిటికీ అని పెర్పెతూ చెప్పాలి. అవసరమైతే గరిటెతో చెప్పాలి.

ఎనిమిది. నన్ను ప్రసంగాలు లేకుండా పూడ్చండి. రచయితల సంఘం నుంచి ఎవరైనా వస్తే పక్క సమాధి చూపించండి. మాలిఫార్ అంటూ నా రాతిమీద ఏమీ చెక్కవద్దు. శవయాత్ర వెళుతున్నప్పుడు దారిలో అద్దాలవాడు ఎదురైతే బండి ఆపి, అతన్ని ముందు పోనివ్వండి. అతని వీపు మీద ఆ రోజు ఆకాశం ఎలా ఉందో పెర్పెతూ చూసి గుర్తుపెట్టుకుంటే సంతోషం, నాకు చెప్పలేకపోయినా.

తొమ్మిది. ముందు గదిలో ఉన్న గొడుగులన్నీ, వెదురు పిడివి, దంతపు పిడివి, బాతు తల పిడివి, వాటిని ఇచ్చిన పెద్దమనిషికి తిరిగి పంపండి. ఆయన గొడుగుల వ్యాపారి, పెర్నే కేసులో జ్యూరీ పెద్ద. 'పెరటి కిటికీ' పుస్తకంగా వచ్చిన ఏడాది నుంచి ప్రతి కొత్త సంవత్సరానికి ఒక గొడుగు పట్టుకుని వస్తాడు. మంచి మనిషి, పిల్లలు గలవాడు, పేదలకు రొట్టెలు పంచుతాడు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా మద్యం చప్పరిస్తూ, ప్రతిసారీ అదే సంగతి కొత్తగా చెబుతాడు. అతని మాటల్లోనే రాస్తున్నాను.

"మాస్టారూ, ఆ రోజు మీ పేపరు టోపీలో పెట్టుకుని కోర్టులో కూర్చున్నానండి. ఆ కొండవాడు లేచి ఏదో గొణుగుతున్నాడు. మదామ్ తన ఉంగరం నొక్కింది, నా ముందే నొక్కింది, ఇద్దరం నవ్వుకున్నాం, వెళ్ళి లప్పం చూడండి బాబూ, వెళ్ళి చూడండి అంటాడు. వాడి యాసకి మా వాళ్ళంతా ముసిముసి నవ్వులు. నేనైతే వినడంలేదు, నిజం చెప్పాలంటే. టోపీలోకి చూస్తున్నా. మాలిఫార్ పెరట్లోకి వచ్చేశాడు, కిటికీ దగ్గరికి నడుస్తున్నాడు, నాకు ఊపిరి ఆడటంలేదు. సరిగ్గా అక్కడ 'ఇంకా ఉంది' అంటారా మాస్టారూ. మర్నాడు మిగతాది చదివి మా ఆవిడా నేనూ ఎంత ఏడ్చామో. అబ్బ, ఏం రాశారండి."

అతను ఇది చెప్పేదాకా, పెర్నే కోర్టులో ఆ మాట అన్నాడని నాకు తెలియదు. ఆ రోజు నేను ఇంట్లో రాసుకుంటున్నాను. నా కథకు చోటు చాలక 'దివిటీ' వాళ్ళు కోర్టు వార్తను నాలుగు వాక్యాలకు కుదించారు. ఉంగరం నొక్కినప్పుడు అతను అక్కడే ఉన్నాడనీ, ఇద్దరూ నవ్వుకున్నారనీ నేను ఊహించలేకపోయాను. నా కథలో ఆమె ఒంటరిగానే నొక్కింది.

రూమార్‌ను నేను ఎప్పుడో వదిలేశాను. అతను సరుకు అమ్మాడు. న్యాయాధికారి నవ్వాడు, వకీలు భయపడ్డాడు. వాళ్ళ ఎదుట నిలబడి చెప్పింది నేను, నవలలు రాసేవాణ్ణి, నమ్మకపోవడం వింత కాదు. కాని ఒకడి ఎదుట పెర్నే తనే నిలబడ్డాడు. వెళ్ళి చూడండి అని బతిమాలాడు. తలెత్తి వింటే చాలు. జ్యూరీ పెద్ద ఒక్క మాట అడిగితే, గది తెరిపించి చూసి వచ్చేవాళ్ళు. కథలో మాలిఫార్ కిటికీ దాకా రావాలని ఊపిరి బిగబట్టినవాడు, లేచి ఆ కిటికీ దాకా నడవలేదు.

ఈ తొమ్మిదో భాగాన్ని గొడుగులతో పాటు పెర్పెతూ అతని ఇంటికి తీసుకువెళ్ళి, అతని భార్య ఎదుట, మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివి వినిపించాలి. ఇన్నేళ్ళలో నేను అతని ముఖం మీద అనలేనిది ఇది. ఇప్పటికీ నేను దోషిగా పట్టుకున్నది ఒక్కణ్ణే. అతని పేరు పొలికార్ప్ దెషోమ్.

పారిస్‌లో, నా ఇంట, వెయ్యిన్ని ఎనిమిది వందల తొంభై అయిదో సంవత్సరం నవంబరు పందొమ్మిదో తేదీన, మొత్తం నా చేతితోనే రాసి సంతకం చేశాను.

ఎవారిస్త్ కూద్రే

సాక్షులు:

ఒనెజిమ్ త్రిబూ, 'దివిటీ' ప్రెస్సులో ఒకప్పుడు అక్షరాలు కూర్చినవాడు

సిల్వెన్ మఫ్రా, ఈ వీధి చివర సారా అంగడి యజమాని